రెండు కోటలు... నడుమ ఒక మగ్గం

ఫ్రాన్స్‌లో కోటలూ ద్రాక్షతోటలూ కలిపి చూసొచ్చే టూర్లకు మహా గిరాకీ. పొద్దున్నే ఓ రాజుగారి కోట, మధ్యాహ్నం ఓ పల్లె, సాయంత్రం ఆ నేలలోనే పండిన ద్రాక్షతో చేసిన వైన్. అంత దూరం వెళ్లడానికి వీసా, సెలవులు, డబ్బు... అన్నీ కలిసిరావాలి. అవేవీ అక్కర్లేని దారి ఒకటి హైదరాబాద్‌కి గంటన్నర దూరంలోనే ఉంది. ఇక్కడా కోటలున్నాయి. ద్రాక్షతోటల బదులు తాటివనాలున్నాయి. అక్కడ లేనిది కూడా ఒకటుంది... పోచంపల్లి మగ్గం! రెండు రోజులు చాలు. కాకపోతే కాస్త లెక్క వేసుకుని బయల్దేరాలి.

వాళ్లేం చేస్తారు?

పారిస్ నుంచి రైలెక్కితే గంటా గంటంబావులో తూర్ అనే పట్టణం వస్తుంది. అది లువార్ నది లోయ. ఆ నదీ దాని ఉపనదుల ఒడ్డునే ఫ్రాన్స్ రాజులు వేసవి విడుదుల్లాంటి కోటలు కట్టుకున్నారు. ఫ్రాన్సిస్ రాజు షాంబోర్ కోటకు శ్రీకారం చుట్టింది 1519లో. మోనాలిసాను గీసిన లియొనార్డో డావిన్సీ ఆ ఏడాదే దగ్గర్లోని అంబ్వాజ్‌లో కన్నుమూశాడు. షెనోన్సో కోటైతే ఏకంగా ఏటి మీద వంతెనలా నిలబడి ఉంటుంది. 2000లో యునెస్కో ఈ లోయలో చాలా భాగాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలోకి చేర్చింది.

ఇక్కడో చిత్రం ఉంది. ఆ కోటలకు వాడింది అక్కడి తెల్లటి మెత్తరాయి. కొండ తొలిచి రాయి తీసుకుపోగా మిగిలిన గుహలే వైన్ నిల్వచేసే చల్లటి నేలమాళిగలయ్యాయి. అంటే కోటకూ వైన్‌కూ తల్లి ఒకటే... ఆ రాయి! వూవ్రే అనే ఊరి వైన్‌కు 1936లోనే చట్టం రక్షణ ఇచ్చింది. ఆ ప్రాంతంలో పండిన ద్రాక్షతో, అక్కడి పద్ధతిలో చేస్తేనే ఆ పేరు పెట్టుకోవాలి. మరెవరూ పెట్టుకోకూడదు.

అనుభవమున్న యాత్రికులు అక్కడ పాటించే సూత్రాలు కూడా తేలికైనవే. ఒక ఊళ్లో మకాం పెట్టాలి. రోజుకు రెండు కోటలకు మించి పెట్టుకోకూడదు. వైన్‌ను దుకాణంలో కాదు, చేసినవాళ్ల గుమ్మంలో రుచి చూడాలి.

ఈ మూడు సూత్రాలనూ ఉన్నవి ఉన్నట్టుగా పాత నల్గొండ జిల్లాకు తెచ్చుకోవచ్చు. 2016 నుంచి ఈ ప్రాంతం యాదాద్రి భువనగిరి జిల్లా. ఇక్కడా అన్నిటికీ మూలం రాయే. నల్లరాతి గుట్టలు, చాలీచాలని వాన, మెట్ట పొలాలు. ఆ గుట్టల మీద రాజులు కోటలు కట్టారు. ఆ నేలను నమ్ముకుని జనం తాటిచెట్టు ఎక్కారు, మగ్గం గుంటలో కూర్చున్నారు. మకాం పోచంపల్లిలో పెట్టుకుందాం. రోజుకో కోట చాలు.

మొదటి రోజు: ఒంటిరాయి కోట

హైదరాబాద్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుంటే ఘట్‌కేసర్, బీబీనగర్ దాటాక దూరం నుంచే కనిపిస్తుంది భువనగిరి గుట్ట. దాన్ని గుట్టల వరస అనుకునేరు... అంతా కలిపి ఒకే రాయి! బోర్లించిన కోడిగుడ్డులా సుమారు 500 అడుగుల ఎత్తు. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడు కట్టించాడు కనుక త్రిభువనగిరి అయింది, వాడుకలో భువనగిరి అయింది. తర్వాత కాకతీయుల చేతికి, ఆపైన గోల్కొండ సుల్తానుల చేతికి వచ్చింది.

ఈ కోటకు పొద్దున ఏడింటికల్లా చేరాలి. ఎండెక్కితే బండ కాలిపోతుంది. నీడనిచ్చే చెట్టు దారిలో పెద్దగా దొరకదు. మెట్లు కొంతదూరమే. ఆపైన నున్నటి బండ మీద నడక. చెప్పులు జారేవైతే పెద్దవాళ్లకు కష్టం. పిల్లలు మాత్రం కోతుల్లా ఎక్కేస్తారు. పైకెళ్తే ఒకప్పటి భవనం, నీటి గుంటలు, గోడలు కనిపిస్తాయి. ఇంత ఎత్తున నీళ్లెలా అని పిల్లలు అడుగుతారు. వానచుక్కను కిందికి పోనివ్వకుండా బండ మీదే పట్టి ఉంచిన తెలివి అది. ముట్టడి పడితే కోటను నెలల తరబడి కాపాడేది తుపాకులకంటే ఈ గుంటలే.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన పదమూడేళ్ల మాలావత్ పూర్ణ, ఆమె తోటి ఆనంద్‌కుమార్ గుర్తున్నారా? ఇద్దరూ గురుకుల పాఠశాలల పిల్లలు. వాళ్లు పర్వతారోహణలో తొలి పాఠాలు నేర్చుకున్నది ఈ బండ మీదే. మీ వెంట ఆ వయసు పిల్లలుంటే ఆ మాట చెప్పండి. సగం దారిలో కూలబడినవాళ్లు కూడా లేచి ఎక్కుతారు!

కోట కింద తాటివనం

గుట్ట మీద నుంచి చూస్తే పొలాల గట్ల వెంబడి తాటిచెట్లు కనిపిస్తాయి. ఈ కోట కథలో ఆ చెట్లకూ వాటా ఉంది. కల్లుగీత కులంలో పుట్టిన సర్వాయి పాపన్న మొగలుల పాలనను ధిక్కరించి సైన్యం కూడగట్టాడు. 1708లో వరంగల్ పట్నం మీద పడ్డాడు. ఆ తర్వాత కొద్ది నెలలకే భువనగిరి మీదా దాడి చేశాడు. 1710లో పట్టుబడి ప్రాణాలు పోగొట్టుకున్నా, జనం నోట మాత్రం చావలేదు. ఆయన కథను పల్లెల్లో ఇప్పటికీ పాడతారు. ఫ్రాన్స్ కోటల్లో రాజుల పడకగదులు చూపిస్తారు. మన కోట కింద నిలబడి, తాడెక్కేవాడు కోట మీదికెందుకు వచ్చాడో చెప్పుకోవచ్చు.

గీత కార్మికుడు చెట్టెక్కడం చూడాలంటే పొద్దున్నేగానీ సాయంత్రంగానీ వెళ్లాలి. నడుముకు మోకు, కాళ్లకు బంధం, వెనక కత్తుల పొది, చేతిలో లొట్టి. చెట్టు గెలను రోజూ పలచగా చెక్కితేనే కల్లు ఊరుతుంది. ఒక్కరోజు మానినా చెట్టు అలుగుతుందంటారు. చలికాలంలో ఈతకల్లు, ఎండలు ముదిరేకొద్దీ తాటికల్లు, ఏప్రిల్, మే నెలల్లో ముంజలు... ద్రాక్షతోటలకున్నట్టే ఇక్కడా ఒక పంచాంగం ఉంది. అప్పుడే దించిన తీపి నీరాను పిల్లలు కూడా తాగొచ్చు. గంటలు గడిచేకొద్దీ పులిసి కల్లవుతుంది. పులియడం ఆగదు గనుక అసలు కల్లు దూరప్రయాణం చేయలేదు. ఎక్కడ పుట్టిందో అక్కడే తాగాలి. పట్నంలో సీసాల్లో, పొద్దు పొడుగునా ఒకే రుచితో దొరికేదాని సంగతి వేరు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. చెట్టుకూ గ్లాసుకూ మధ్య ఎన్ని చేతులు మారితే అంత ప్రమాదం. ఇక బండి నడిపేవాళ్లు చెట్టు కింద కల్లునైనా ముట్టకూడదు. వాళ్లకు ముంజలే గతి!

ఈ పనిలో ఉన్న ప్రాణభయం కూడా తెలుసుకోవాలి. మోకు జారితే అంతే. గీత కార్మికులు పడి చనిపోవడం, నడుములు విరిగి మంచాన పడటం ఏటా వింటున్నదే. 2024లో ప్రభుత్వం వాళ్ల ఇలవేల్పు కాటమయ్య పేరుతోనే రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. లొట్టి కిందికి దిగాక బేరమాడేముందు ఒకసారి చెట్టు పైకి చూడండి.

ఓపిక ఉంటే భోజనం చేసి ఆలేరు మీదుగా కొలనుపాక వెళ్లొచ్చు. పచ్చరాతి మహావీరుడున్న జైన మందిరం, చాళుక్యుల నాటి సోమేశ్వరాలయం పక్కపక్క వీధుల్లోనే ఉంటాయి. యాదగిరిగుట్ట కూడా ఈ దారిలోనిదే. కొత్త ఆలయం 2022 మార్చి 28న తెరుచుకున్నాక సెలవురోజుల్లో రద్దీ ఎక్కువ. దర్శనానికి మరో రోజు పెట్టుకోవడం మంచిది.

సాయంత్రానికి పోచంపల్లి

పొద్దుగూకేలోపు పోచంపల్లి చేరుకోండి. చెరువుకట్ట మీద గాలి పోసుకుంటూ ఊరి పేరుకు ముందు 'భూదాన్' ఎందుకు చేరిందో మాట్లాడుకోవచ్చు. సాయుధ పోరాటంతో తెలంగాణ అట్టుడుకుతున్న రోజులవి. శివరాంపల్లి సర్వోదయ సమావేశానికి వచ్చిన ఆచార్య వినోబా భావే పాదయాత్రగా 1951 ఏప్రిల్ 18న ఈ ఊరికి చేరారు. దళితవాడలో నలభై కుటుంబాలవాళ్లు దున్నుకోవడానికి ఎనభై ఎకరాలు ఇప్పించమన్నారు. ఇచ్చేవాళ్లెవరైనా ఉన్నారా అని వినోబా అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. దేశమంతా పాకిన భూదానోద్యమానికి అదే మొదటి అడుగు. వినోబా మందిరం ఇప్పటికీ ఉంది.

ఎనభై అడిగితే నూరు ఇచ్చిన ఊరికి వచ్చి, చీర దగ్గర బేరమాడటంలోనే మన తెలివంతా చూపిస్తే ఏం బాగుంటుంది?

రెండో రోజు: దారానికి ముందే రంగు

చాలామంది పోచంపల్లి ఎలా చూస్తారంటే... కారు దిగుతారు, షోరూముకి వెళ్తారు, రెండు చీరలు తీసుకుంటారు, మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటారు. అలా వెళ్తే చూసింది దుకాణాన్నే, ఊరిని కాదు. రెండో రోజు ఉదయమంతా మగ్గాల వీధులకే కేటాయించండి. మగ్గం శబ్దం వినిపించిన ఇంటి ముందు నిలబడి, "చూడొచ్చా అన్నా?" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

మామూలు చీరకు నేశాక రంగులేస్తారు, లేదా ఒకే రంగు దారాలతో నేస్తారు. ఇక్కడ అలా కాదు. బొమ్మ ఎక్కడ రావాలో, ఏ రంగు ఎక్కడ ఆగాలో నేతకు ముందే దారం మీద లెక్క కట్టేస్తారు. గళ్ల కాగితం మీద డిజైన్ గీసుకుంటారు. రంగు అంటకూడని చోట దారాలను సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. రంగులో ముంచుతారు, ఆరబెడతారు, కొన్ని కట్లు విప్పుతారు, మళ్లీ కడతారు, మరో రంగులో ముంచుతారు. దీన్నే చిటికీ అంటారు. ప్రపంచం ఇక్కత్ అంటుంది. పడుగులోగానీ పేకలోగానీ ఒకదానికే ఇలా చేస్తే ఒక లెక్క. రెంటికీ చేసి, మగ్గం మీద రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా నేస్తే డబుల్ ఇక్కత్. వెంట్రుకవాసి తేడా వచ్చినా నేతకారుడు ఆగి దారం సర్దుకుంటాడు.

మగ్గం మీద కనిపించేది ఒకరే. ఆ చీర వెనక మాత్రం ఇంటిల్లిపాదీ ఉంటారు. ఆసు పోసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లు. అర్ధచంద్రాకారంలో నిలిపిన మేకుల చుట్టూ దారాన్ని ఇటూ అటూ తిప్పాలి. ఒక్క చీరకు చేయి దాదాపు 9 వేల సార్లు ఆడాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో అమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్లపాటు కుస్తీపట్టి, 1999లో ఆసుయంత్రాన్ని తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథే 'మల్లేశం' సినిమాగా వచ్చింది. అంతకుముందు 1987లోనే శ్యామ్ బెనెగల్ పోచంపల్లి నేతగాళ్ల బతుకు మీద 'సుస్మన్' తీశారు.

ఇంత పేరున్నా మగ్గాల ఇళ్లలో మీకు ఎక్కువగా కనిపించేది నడివయసు దాటినవాళ్లే. చదువుకున్న పిల్లలు నగరానికి పోతున్నారు. ఇంట్లో నలుగురు పడే శ్రమకు దక్కేది ఒకరి కూలిలా ఉంటే ఎవరుంటారు? 2020 లాక్‌డౌన్‌లో నేసిన చీరలు ఇళ్లలోనే పేరుకుపోయాయి. ఆ దెబ్బకు ఇతర పనుల బాట పట్టినవాళ్లున్నారు. మరుసటేడు, 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. పర్యాటకులు వస్తే ఊరికి పేరు. వాళ్లు మగ్గం దాకా వస్తే నేతకు కూడు.

అసలుదేనా?

వూవ్రే వైన్‌కు 1936లో దొరికిన రక్షణలాంటిదే పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో దక్కింది. దాన్ని భౌగోళిక గుర్తింపు అంటారు. దేశంలో ఈ గుర్తింపు పొందిన తొలి వస్తువుల్లో ఇదొకటి. అయితే చట్టం ఒక్కటే కాపలా కాయలేదు. ఇక్కత్ బొమ్మను మిల్లు గుడ్డ మీద అచ్చు వేసి 'పోచంపల్లి' పేరుతో అమ్మేవాళ్లకు కొదవలేదు. కొనేవాళ్లకు తేడా తెలిస్తేనే ఆ చట్టానికి బలం. మీ ఇంట్లోవాళ్లంతా నేర్చుకోదగ్గ గుర్తులివి:

చీరను తిరగేసి చూడండి. అచ్చువేసిన గుడ్డకు వెనకవైపు రంగు వెలిసినట్టుంటుంది. ఇక్కత్‌కు రెండువైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది.

బొమ్మ అంచు చూడండి. గీత గీసినట్టు పదునుగా ఉంటే అనుమానించండి. రంగు కట్టు కిందికి కాస్త పాకి, అంచు ఈకలా చెదిరినట్టుండటమే ఇక్కత్ సంతకం.

కొంగు చివర వేలాడే దారాన్ని పట్టుకోండి. పడుగుకు చిటికీ కట్టినదైతే ఒకే పోగు మీద రంగులు మారుతూ కనిపిస్తాయి.

చేనేత గుర్తు, పట్టుదైతే సిల్క్‌మార్క్ అడగండి. మరమగ్గం మీద కూడా రంగుల దారంతో నేయొచ్చు కాబట్టి పై గుర్తులకు ఇది తోడు.

మరో మాట. మగ్గం మీద దారాలను చేత్తో తాకొద్దు. కొత్త డిజైన్ కనబడితే అడగకుండా ఫొటో తీయొద్దు. ఫోనులో ఎక్కిన బొమ్మ వారం తిరిగేసరికి అచ్చుగుడ్డ మీదికి ఎక్కగలదు. ఏం కొనకపోయినా ఫర్వాలేదు. పిల్లల చేత ఆ పనికి ఎన్ని రోజులు పట్టిందో అడిగించండి. ఆ జవాబు విన్నాక ధర చీటీ వేరేగా కనిపిస్తుంది.

పుట్టపాక మీదుగా రాచకొండ

మధ్యాహ్నం చౌటుప్పల్ మీదుగా సంస్థాన్ నారాయణపురం వైపు సాగండి. ఆ మండలంలోనిదే పుట్టపాక. తేలియా రుమాలుకు ఇల్లు. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద, నూనె కలిపి దారాన్ని రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. అందుకే ఆ పేరు, ఆ వాసన. ఎరుపు, నలుపు, తెలుపు... సాధారణంగా ఈ మూడే రంగులు. ఒకప్పుడు చీరాల నుంచి ఈ రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశాలకు వెళ్లేవి. సముద్రతీరంలో మరుగునపడిన ఆ విద్యను ఈ మెట్ట పల్లె నిలబెట్టుకుంది. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడి గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు దక్కాయి. ఒక చిన్న పల్లెకు రెండు పద్మశ్రీలు!

అక్కడికి దగ్గర్లోనే గుట్టల మధ్య రాచకొండ. 2016లో పోలీసు కమిషనరేట్‌కు పెట్టాక నగరంవాళ్లకు ఈ పేరు తెలిసింది. నిజానికి ఇది పద్నాలుగో శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. 'రసార్ణవసుధాకరం' రాసిన సింగభూపాలుడిది ఈ గడ్డే. గోడల్లో చాలాచోట్ల సున్నం లేదు. ఎగుడుదిగుడు బండలనే ఒకదానికొకటి కుదురుగా పేర్చి నిలబెట్టారు. ద్వారాలకైతే నిలువు కమ్మీలు, పైదూలం అన్నీ ఒంటిరాళ్లే. భువనగిరిలాగా ఇక్కడ జనం ఉండరు. దుకాణాలూ ఉండవు. వెలుతురుండగానే దిగిపోవాలి.

సున్నం లేకుండా పేర్చిన ఆ రాళ్లు ఆరువందల ఏళ్లకు పైగా నిలిచే ఉన్నాయి. మనం చూసినా చూడకపోయినా ఇంకొన్ని వందల ఏళ్లు ఉంటాయి. పుట్టపాకలో ఆసు పోస్తున్న ఆ చేతులకు, భువనగిరి కింద తాడెక్కే ఆ కాళ్లకు అంత వ్యవధి లేదు. అందుకే ఈ టూరులో కోటలకు కాస్త సమయం తగ్గినా దిగులు పడొద్దు. మగ్గం దగ్గర మాత్రం తొందరపడొద్దు.

ప్రయాణం ఇలా...

ఎప్పుడు: అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. దసరా సెలవులైతే దారిపొడవునా సీతాఫలాలు. జోరువానల్లో కోట బండ జారుతుంది, గుంట మగ్గాల్లో తేమ చేరి పని సాగదు. ముంజలు కావాలంటే వేసవిలో వెళ్లొచ్చు, గుట్ట మాత్రం తెల్లవారకముందే ఎక్కాలి.

ఎలా: హైదరాబాద్ నుంచి భువనగిరి, పోచంపల్లి రెండూ సుమారు 50 కిలోమీటర్ల లోపే. భువనగిరికి సికింద్రాబాద్-కాజీపేట లైన్లో రైళ్లున్నాయి. పోచంపల్లికి నేరుగా బస్సులున్నాయి. సొంత వాహనమైతే విజయవాడ రోడ్డులో రామోజీ ఫిల్మ్ సిటీ దాటాక ఎడమవైపు తిరగాలి. పుట్టపాక, రాచకొండలకు మాత్రం వాహనం ఉండాల్సిందే.

బస: పోచంపల్లి చెరువు పక్కన పర్యాటక శాఖ కేంద్రం ఉంది. గదుల సంగతి ముందే కనుక్కుని బయల్దేరండి. దొరక్కపోతే భువనగిరిలో, యాదగిరిగుట్టలో బస సులువు.

వెంట తీసుకెళ్లాల్సినవి: జారని బూట్లు, టోపీ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, రాచకొండకు తినుబండారాలు. తిరిగొచ్చేటప్పుడు ఖాళీ సీసాలు కూడా!